తెర మీద కదలని ఓడలు

దీవుల రాజధాని సువాలో, చేపల రేవులో ఆ సోమవారం ట్యూనా చేపలతో పాటు ఒక మనిషిని కూడా దించారు. చేపల్లాగే గడ్డకట్టుకుపోయి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

పేరు ఇయోతెబా, సొంత ఊరు తరావా. విదేశీ ఓడలెక్కి, వాళ్ళు మన నీళ్ళలో ఎక్కడ వల వేశారో, ఎంత పట్టారో చూసి చెప్పే పరిశీలకుడు. మంచుగదిలో కాలు జారిందని ఓడ కెప్టెన్ తేల్చేశాడు. పోలీసు డాక్టరు శవం చెవి వెనక జుట్టు తొలగించి చూశాడు. అక్కడ సూది మొనంత నల్లటి మచ్చ ఉంది.

మర్నాడు పొద్దున బస్టాండు వెనక రోటీ కొట్టుకి చాపలమ్మే ఆవిడ ఒకరు వచ్చింది. చంకలో చాపల చుట్ట, పాదాలకి బురద. మెట్ల దగ్గర కూచుని బంగాళాదుంపలు చెక్కుతున్న మనిషి తలెత్తకుండానే అడిగాడు.

"నౌసోరిలో వానా?"

"నదికి అవతలి ఒడ్డునే."

"ఎవరిదా ఒడ్డు?"

"గొడుగు లేనివాళ్ళది."

అతను కాళ్ళు ముడుచుకుని దారిచ్చాడు. ఆమె మేడ మీదికెళ్ళి చాపల చుట్టని ఓ మూలకి విసిరింది.

ఆమె పేరు అకనిసి. బోర్డు లేని ఆ ఆఫీసులో గూఢచారి. కిటికీ పక్కన కూచుని టీలో బన్ను ముంచుకుంటున్న భారీ మనిషి ఆమె పై అధికారి నైవలు. నౌకాదళంలో ఉన్న రోజుల్లో అతను దగ్గితే చాలు, డెక్కు మీద జనం పరిగెత్తేవాళ్ళట. ఇప్పుడు దగ్గు తగ్గింది. జనం భయం తగ్గలేదు.

"లాంతరు ముఠా పనే," అన్నాడు నైవలు. "ఏ జెండా కలిసొస్తే ఆ జెండా ఎగరేసుకుని తిరిగే దొంగలు. చెవి వెనక సూది వాళ్ళ సంతకం. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ ఓడ ఓరియెల్ నడిసముద్రంలో ఒక పెద్ద సరుకు ఓడని కలుస్తుంది. దొంగ చేప చేతులు మారుతుంది. మన గస్తీ పడవ దిలియో ఆ సమయానికి అక్కడుంటే ముఠా మొత్తం వలలో పడుతుంది."

"లేకపోతే?"

"ఓరియెల్ మీద పరిశీలకుడి వేషంలో వెళ్ళింది ఇలైసా."

అకనిసి నోటి దాకా తెచ్చుకున్న రోటీని దించేసింది. ఇలైసా ఆమె చెల్లెలి మొగుడు. లౌతోకాలో ఓ హోటలుకి రంగులేసే పని దొరికిందని చెల్లెలికి చెప్పి వెళ్ళాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి? ఏడిచేదానివా, అడ్డుపడేదానివా? రెండూ నాకు పనికిరావు." నైవలు బన్ను ముక్క నోట్లో వేసుకున్నాడు. "సరుకు మారాక వాళ్ళకి సాక్షి అక్కర్లేదు. దిలియో ఆలస్యమైతే ఇలైసా నీళ్ళలోకి పోతాడు. ఇంకో సంగతి. దిలియోకి దారి చెప్పేది గస్తీ కేంద్రం. దాన్ని శుక్రవారం గుడ్డిదాన్ని చెయ్యాలని ముఠా ప్లాను. డెల్ఫీన్ కబురు పంపింది."

డెల్ఫీన్ ఒబ్రే నూమెయా నుంచి వచ్చిన ఫ్రెంచి మనిషి. దాతల సంఘం తరఫున గస్తీ కేంద్రానికి కంప్యూటర్లు ఇప్పించింది. విందుల్లో ఓడల యజమానుల పక్కన కూచుని నవ్వుతూ, వాళ్ళ గుట్టు ఏడాదిగా నైవలుకి చేరవేస్తోంది.

"అక్కడి సర్వర్ డిస్క్‌లో చిన్న తప్పు దొరికినా ఉన్నపళంగా ఆగిపోయేలా పెట్టి ఉందట. డిస్క్ పాడుచేస్తే చాలు, తెరలన్నీ ఆరిపోతాయి. నువ్వు ఆడిటర్‌గా వెళ్ళు. తప్పొచ్చినా ఆ యంత్రం ఆగకుండా మార్పించు. కుదరదన్నవాణ్ణి కుదిరేలా చెయ్యి."

ఆమెకి ఒక పట్టు మందారం ఇచ్చారు. రేకుల కింద బఠానీ గింజంత వినికిడి యంత్రం. చెవిలో పెట్టుకుంటే నైవలు మాట వినిపిస్తుంది. తిరిగి ఏమన్నా చెప్పాలంటే పువ్వుని వేలితో తట్టడమే.

*

గస్తీ కేంద్రం రేవు మీది గుట్టపైన ఉంది. కిటికీల నిండా సముద్రం, గోడ నిండా తెర. తెర మీద వందల చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో ఓడ.

సర్వర్ల పెత్తనం వైసాలెది. గుమ్మం పట్టనంత మనిషి. మెల్‌బోర్న్‌లో చదివొచ్చాడు. ఆ సంగతి ఎదుటివాళ్ళు మరిచిపోతారేమోనని అతనికి ఎప్పుడూ బెంగ. కళ్ళజోడు, ఫైలుతో వచ్చిన అకనిసిని కిందికీ పైకీ చూశాడు.

"ఏ దీవి మీది?"

ఆమె చెప్పింది. అతని మొహం విప్పారింది. ఆమె దీవికీ అతని దీవికీ తౌవు బంధుత్వం. తాతల నాటి నుంచి ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు, ఒకరి సొత్తు ఇంకొకరు అడక్కుండా పట్టుకుపోవచ్చు. కోపం తెచ్చుకోకూడదు.

"అదీ సంగతి! గుమ్మంలోకి రాగానే గబ్బిలాల కంపు ఎక్కడిదా అనుకున్నా."

"మీ దీవి నుంచి గాలి ఇటే కొడుతోందేమో. తప్పుకో, పీతమొహమా. నీ యంత్రం చూడాలి."

"చూడ్డానికి నీకు కళ్ళుండాలిగా."

నవ్వులాగే మొదలైంది. డిస్క్ మాట రాగానే నవ్వు పోయింది.

"విను, ఆడిటరమ్మా," అన్నాడు వైసాలె. "డిస్క్ మీద ఎక్కడేముందో చెప్పే పటం ఒకటి డిస్క్ మీదే ఉంటుంది. ఆ పటం చెడిపోయిందని తెలిస్తే యంత్రానికి మూడే దారులు. ఒకటి, ఏం జరగనట్టు రాసుకుంటూ పోవడం. అప్పుడు మంచిదాని మీద కూడా చెత్త రాస్తుంది. రెండు, రాయడం మానేసి పాతది చదువుతూ కూచోవడం. మూడు, ఉన్నచోటే కుప్పకూలడం. నేను మూడోది పెట్టాను. ఎవరొచ్చి చెప్పినా మార్చను."

"కూలితే తెరలు ఆరిపోతాయి."

"ఆరిపోనీ! అందరూ కేకలేస్తారు. కేకలేస్తేనే కదా ఏదో అయిందని తెలిసేది? లోపలి గదిలో దీని పక్కనే ఇంకో సర్వర్ ఉంది. మొదటిదాని గుండె కొట్టుకోవడం ఆగితేనే అది లేస్తుంది. మొదటిది బతికున్నంతసేపూ రెండోది పడుకునే ఉంటుంది."

"పోయిన తుపానులో లేచిందా?"

వైసాలె కళ్ళు తెర మీదికి తిప్పాడు. "లేచింది. కాస్త ఆలస్యంగా."

"ఆ కాస్తలో మంత్రి ఇక్కడే నిలబడి ఉన్నాడట కదా."

ఇది అతను మింగలేని మాట. ఆమెకి అది తెలిసే అంది. వాదన పెరిగి కేంద్రం డైరెక్టరు రతు ఎపెలి గది దాకా పోయింది. రతు ఎపెలి పెద్ద వంశం మనిషి, రతు అన్నది దొరలకిచ్చే బిరుదు. నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట. ఆయన కూచుంటే గదిలో మిగతావాళ్ళు తలొంచుకుని నడుస్తారు.

"నల్లటి తెర ముందు మంత్రి పక్కన నేను నిలబడ్డాను, వైసాలె. నువ్వు నిలబడలేదు," అన్నాడాయన. "ఆ అమ్మాయి చెప్పినట్టు రెండోది పెట్టు. వెలుగు ఆరకూడదు."

వైసాలె ఆమె ముందే మార్చాడు. ఒక్క మాట, ఒక్క మీట. తర్వాత కుర్చీ ఆమె వైపు తిప్పాడు. ఈసారి మొహంలో తౌవు సరసం ఏ కోశానా లేదు.

"ఇకనుంచి ఇది చచ్చినా చెప్పదు. ఆ పాపం నీది."

నడవాలో డెల్ఫీన్ ఎదురైంది. లేత నీలం గౌను, జడముడిలో వెండి పిన్ను, మెడలో పావురం గుడ్డంత నల్ల ముత్యం. ఆమె పక్కనుంచి పోతుంటే గుమస్తాలు నడక మర్చిపోతున్నారు.

"మార్పించావా?" అంది పెదవులు కదపకుండా.

"మార్పించాను."

"మంచి పిల్లవి. నైవలుకి నీలాంటివాళ్ళు ఇంకో ఇద్దరుంటే నాకు నిద్రపట్టేది." బుగ్గ మీద చిన్నగా తట్టింది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. అకనిసికి ఆ తట్టడం నచ్చలేదు. తనకి నచ్చనంత మాత్రాన అవతలివాళ్ళది నేరం కాదు కదా అని ఊరుకుంది.

*

శుక్రవారం భోజనాలయ్యాక గస్తీ గదిలో చాపలు పరిచారు. డెల్ఫీన్ వెళ్ళిపోతోంది. వెళ్ళేముందు పద్ధతిగా పెద్దలకి సెవుసెవు కానుక ఇస్తానంది. తెల్లమనిషి అయ్యుండీ దంచి నీళ్ళలో కలుపుకు తాగే యంగోనా చెట్టు వేళ్ళని రిబ్బనుతో కట్టి తెచ్చిందని రతు ఎపెలి మురిసిపోయాడు.

"ముందుగా మన ఏడాది ఫొటోలు చూద్దామా?" అంది డెల్ఫీన్. మెడలోని నల్ల ముత్యాన్ని మెలితిప్పింది. అది రెండుగా విడింది. లోపల యూఎస్‌బీ స్టిక్.

వైసాలె లేచి అడ్డం నిలబడ్డాడు. "పరాయి స్టిక్ నా సర్వర్లో పెట్టను. యంత్రం అనుమానించదు. స్టిక్ లోపలి పటంలో ఏం రాసుంటే అది నిజమని నమ్ముతుంది. అందులో ఎవడేం కలిపాడో ఎవరికి తెలుసు?"

"అతిథి చేతిలోది తోసేస్తావా?" రతు ఎపెలి గొంతు పెంచలేదు. పెంచాల్సిన పని ఆయనకి ఏనాడూ రాలేదు.

వైసాలె పక్కకి జరిగాడు. జరుగుతూ అకనిసిని చూసిన చూపు చెంపదెబ్బకి తక్కువేం కాదు. ఆమె మాత్రం నిబ్బరంగానే ఉంది. ఒకవేళ డిస్క్ పాడైనా యంత్రం ఆగదు. ఆగకుండా తనే మార్పించింది.

ఫొటోలు ఒకటొకటిగా వచ్చాయి. విందులు, దండలు, నవ్వులు. మధ్యలో తెర ఒక్కసారి రెప్ప వేసినట్టు మినుకుమంది. ఎవరూ పట్టించుకోలేదు. ఫొటోలయ్యాయి, చుక్కల పటం తిరిగొచ్చింది. డెల్ఫీన్ ముత్యాన్ని మెడలో వేసుకుని చాప మీద మఠం వేసింది.

యంగోనా కలిపే కొయ్యగిన్నె తనోవా ముందు వైసాలె కూచున్నాడు, కలిపేవాడు అతనే. రతు ఎపెలి ఎదురుగా. మిగతావాళ్ళు రెండు వైపులా. ఇక కొబ్బరిచిప్ప ఆఖరివాడి దాకా వెళ్ళి తనోవా ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవరు, ఎవరూ మాట్లాడరు, ఆ గిన్నెకి ముందునుంచి ఎవరూ నడవరు. డ్యూటీలో ఉన్న మిలికా ఒక్కతే రేడియో బల్ల దగ్గర ఉంది. ఆమె తెర చూసి దిలియోకి గొంతు తగ్గించి దారి చెబుతోంది.

చప్పట్లు. చిప్ప నిండింది. రతు ఎపెలి తాగాడు. మళ్ళీ చప్పట్లు.

"అంతా సవ్యమేనా?" మందారంలోంచి నైవలు. అకనిసి జుట్టు సర్దుకున్నట్టు పువ్వుని రెండుసార్లు తట్టింది. సవ్యమే.

అప్పుడే రేడియోలోంచి దిలియో కెప్టెన్ సెరెమాయా గొంతు గరగరలాడింది.

"కేంద్రం, నువ్వు చెప్పిన చోటికొచ్చాం. ఇక్కడేం లేదు."

"ఉంది, కెప్టెన్. సరిగ్గా మీ ముందే," అంది మిలికా గుసగుసగా.

"నా ముందు నీళ్ళున్నాయి, తల్లీ. నా వెనకా నీళ్ళే."

"తెర మీద ఓరియెల్ కనిపిస్తోంది. మీరే ఇంకా రాలేదు. దారి తప్పారేమో చూసుకోండి."

"పాతికేళ్ళుగా పడవ నడుపుతున్నా. దారి తప్పిన సంగతి నువ్వు చెప్పాలా నాకు?"

రతు ఎపెలి కనుబొమ్మలు ముడిచాడు. మిలికా రేడియో శబ్దం ఇంకా తగ్గించింది.

అకనిసి తెర వైపు చూసింది. మూలనున్న గడియారం బాగానే నడుస్తోంది. చుక్కలన్నీ బుద్ధిగా ఉన్నాయి. సముద్రమంత పటంలో ఓడల కదలిక ఎప్పుడూ కంటికి ఆనదు. కాస్త గమనించడానికి ఏదైనా దగ్గరి ఓడ కావాలి. ఆమె చూపు సువా రేవు మీదికి జరిగింది. లెవుకా వెళ్ళే ఫెర్రీ రేవుకి కట్టేసి ఉన్నట్టుంది తెర మీద.

కిటికీలోంచి చూసింది. ఫెర్రీ ఏనాడో రేవు దాటేసింది. పగడపు దిబ్బల సందులోంచి పొగ కక్కుకుంటూ బయటికి పోతోంది.

ఆమె మళ్ళీ తెర చూసింది. ఫెర్రీ చుక్క ఇంకా రేవులోనే ఉంది.

యంత్రం ఆగలేదు. ఆమె కోరుకున్నట్టే ఆగలేదు. కొత్త సంగతులు రాయడం మానేసి, ఆఖరిసారి రాసుకున్నదాన్ని అలా చూపిస్తూ కూచుంది. తప్పు జరిగిందని కూడా ఎక్కడా రాసుకోలేదు. రాయాల్సింది ఆ డిస్క్ మీదే కదా! ముఠాకి చీకటి ఎప్పుడూ అక్కర్లేదు. వాళ్ళకి కావలసింది ఈ వెలుగే. దాన్ని తెచ్చిపెట్టమని డెల్ఫీన్ అడిగింది, తను తెచ్చిపెట్టింది.

ఎదురు వరసలో డెల్ఫీన్ చిప్ప అందుకుంటోంది. కళ్ళు కలిశాయి. డెల్ఫీన్ చూపు కూడా కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చింది, ఆపైన తీరిగ్గా నవ్వింది. చప్పట్లు కొడుతున్న ఇంతమందిలో నువ్వు లేవగలవా అన్నట్టుంది ఆ నవ్వు.

ఇంకా సగం మంది తాగాలి. అందాకా కూచుంటే ఇలైసా ఉండడు.

అకనిసి లేచింది.

చప్పట్లు తడబడి ఆగాయి. ఆమె పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళలేదు, అంత వ్యవధి లేదు. తనోవాకీ రతు ఎపెలికీ మధ్యనుంచి, తలైనా వంచకుండా నడిచింది. ఎవరో ముసలావిడ నోరు నొక్కుకుంది.

"కూచో," అన్నాడు రతు ఎపెలి.

"వైసాలె, తాళాలు!"

"నీకు పిచ్చా?" వైసాలె మొహం కందిపోయింది. "రతు ముందు... గిన్నె ముందు... నీ దీవి పరువు..."

"నువ్వు నా తౌవువి. నీ నడుముకున్నది నాది." ఆమె వంగి అతని మొలతాడుకున్న గుత్తి లాక్కుంది. దానికి మాత్రం అతను అడ్డు చెప్పలేకపోయాడు. తాతల నాటి హక్కు అది.

"పాపం, వంట్లో బాలేనట్టుంది," డెల్ఫీన్ గొంతులో తేనె. "నేను చూసుకుంటాను." ఆమె కూడా లేచింది.

*

సర్వర్ గది చలికి వణుకుతోంది. నల్లటి పెట్టెల వరసలో ఆకుపచ్చ దీపాలు. మొదటి సర్వర్ దీపం టిక్కు టిక్కుమని ఆరోగ్యంగా కొట్టుకుంటోంది. పక్కనే రెండో సర్వర్, దీపం లేకుండా, గాఢనిద్రలో.

వెనక తలుపు మూసుకున్న చప్పుడు. గడియ పడింది.

"ఏం చేద్దామని, చిన్నదానా?" డెల్ఫీన్ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. గొంతులో తేనె లేదు. జడముడిలోంచి వెండి పిన్ను తీసింది. జుట్టు భుజాల మీద జారింది. పిన్ను మొన నల్లగా ఉంది. "సరిచేద్దామనా? డిస్క్ బాగుచెయ్యడానికి సాయంత్రం అవుతుంది. అందాకా నీ పడవ ఖాళీ నీళ్ళలో ఈత కొట్టుకోవచ్చు."

"ఇయోతెబాని చంపింది నువ్వేనా?"

"ఓడ మీద విందుకి నేనెళ్ళిన రోజు అతను కూడా ఇలాగే ఎక్కువ చూశాడు." ఒక అడుగు ముందుకేసింది. "నైవలు నాకు ఎంతిచ్చేవాడో తెలుసా? ఒక్క థాంక్స్. వాళ్ళు నన్ను నన్నుగా చూశారు."

"వాళ్ళకి నువ్వు పిన్ను. మొన అరిగితే పారేస్తారు."

డెల్ఫీన్ మీదికి దూకింది. పిన్ను చెవి వైపు దూసుకొచ్చింది. అకనిసి ఆ మణికట్టు దొరకబుచ్చుకుంది. ఇద్దరూ పెట్టెల వరసకి కొట్టుకుని, కిందపడి దొర్లారు. డెల్ఫీన్ చూడ్డానికే పువ్వు. మోకాలు డొక్కలో పడితే అకనిసికి ఊపిరాడలేదు. పిన్ను మొన కంటికి బెత్తెడు దూరంలో వణుకుతోంది.

ఈ యంత్రాన్ని సరిచెయ్యక్కర్లేదు. ఈ గుండె ఆగాలి, అంతే. ఇది చస్తే గానీ పక్కది లేవదు.

ఎడమచేత్తో గోడ తడిమింది. వైర్లు తగిలాయి. ఏది ఏదో చూసే వీలు లేదు. దొరికినన్ని గుప్పిట్లో పట్టుకుని, బలమంతా కూడదీసుకుని లాగేసింది.

ఆకుపచ్చ దీపం ఆరిపోయింది.

గోడ అవతల ఒక్కసారిగా కేకలు! "తెర పోయింది!" "మిలికా, ఏం నొక్కావు?" "నేనేం నొక్కలేదు!" సెవుసెవు, మౌనం, మర్యాద అన్నీ గాలికి పోయాయి. బల్లలు జరిగాయి, కాళ్ళు పరిగెత్తాయి. తలుపు మీద దబదబ దెబ్బలు. మూడో దెబ్బకి గడియ ఊడి వైసాలె లోపలికి వచ్చిపడ్డాడు.

"గబ్బిలమా! నా యంత్రాన్ని..." అంటూనే పిన్ను చూశాడు. ఆపైన ప్రశ్నలేం వెయ్యలేదు. కుర్రతనంలో రగ్బీ ఆడిన మనిషి. డెల్ఫీన్ చేతిలోని పిన్నుని బూటుకాలితో మూలకి తన్నాడు, ఆమెని బోర్లా తిప్పాడు, వీపు మీద కూచున్నాడు. నూమెయా సుందరి నోట్లోంచి ఫ్రెంచిలో వచ్చిన మాటలు ఏ విందులోనూ వినబడేవి కావు.

"ఇది లేస్తుందా?" అకనిసి రెండో సర్వర్ వైపు చూపించింది.

"లేస్తుంది."

"తుపానులో లేచినట్టా?"

"నోర్ముయ్. లేస్తుంది."

చీకటి పెట్టెలో ఏదో గురగురమంది. ఆగింది. మళ్ళీ గురగురమంది. వైసాలె పెదాలు ప్రార్థనలా కదిలాయి. ఒక దీపం వెలిగింది, ఆ వెనక ఇంకోటి.

అకనిసి గస్తీ గదిలోకి పరిగెత్తేసరికి తెర మీద చుక్కలు తేలుతున్నాయి. ఫెర్రీ దిబ్బ దాటి ఉంది. దిలియో దక్షిణాన ఖాళీ నీళ్ళలో ఒంటరిగా ఉంది. దానికి ఉత్తరంగా, ఎవరూ చూడని మూల, రెండు చుక్కలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

"కెప్టెన్!" మిలికా గొంతు చించుకుంది. "ఉత్తరం! నేరుగా ఉత్తరం! రెండు ఓడలు కలిసే ఉన్నాయి!"

"ఇందాక ముందే ఉందన్నావు!"

"ఇందాక అన్నది మర్చిపోండి! పదండి!"

అవతల ఇంజన్లు గర్జించాయి. తర్వాత గరగర తప్ప ఏమీ లేదు. చాపల మీద ఎవరూ కూచోలేదు. రతు ఎపెలి కూడా నిలబడే ఉన్నాడు. తనోవాలో యంగోనా అలాగే మిగిలి ఉంది. దిలియో చుక్క పైకి జరుగుతోంది. ఎంత చూస్తే అంత నెమ్మదిగా జరుగుతున్నట్టుంది. అకనిసి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. చెల్లెలి మొహం కళ్ళ ముందుకి రాకుండా చూసుకోవడం ఆ రోజు చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది.

"కనిపిస్తున్నాయి," అన్నాడు సెరెమాయా చివరికి. "సరుకు మారుస్తున్నారు. మమ్మల్ని చూశారు. తాళ్ళు కోసేస్తున్నారు... ఆగండి. రెయిలింగు దగ్గర ఎవణ్ణో పట్టుకున్నారు. చేతులు కట్టేసి ఉన్నాయి. అయ్యో... తోసేశారు!"

మిలికా రేడియో శబ్దం పూర్తిగా పెంచింది.

"మావాళ్ళిద్దరు దూకారు." గరగర. గాలి. నీళ్ళ చప్పుడు. ఎవరివో అరుపులు. మళ్ళీ గరగర.

"సెరెమాయా!" అంది అకనిసి. మైకు ఎప్పుడు లాక్కుందో ఆమెకే తెలీదు. "చెప్పు!"

"పైకి లాగాం. కదలడం లేదు... ఉండండి, నీళ్ళు కక్కాడు." సెరెమాయా గొంతులో మొదటిసారిగా నవ్వు వినబడింది. "బతికే ఉన్నాడు. ఇంత ఆలస్యంగా దారి చెప్పినవాళ్ళెవరో కనుక్కోమంటున్నాడు. మిగతాది రేడియోలో చెప్పే మాట కాదు."

అకనిసి నేల మీద చతికిలబడింది. మందారంలోంచి నైవలు ఏదో అడుగుతున్నాడు. ఆమె పువ్వు తీసి బల్ల మీద పెట్టేసింది.

*

మరుసటి వారం అకనిసి తిమింగిలం పన్ను చేత పట్టుకుని, తన దీవి పెద్దలిద్దరిని వెంటబెట్టుకుని గుట్టెక్కింది. తనోవాకి అడ్డంగా నడిచిన తప్పుకి క్షమాపణ అడగాలి. ఎంతటి గూఢచారికైనా దానికి మినహాయింపు లేదు.

గుమ్మంలో వైసాలె ఎదురయ్యాడు. సెట్టింగు వెనక్కి మార్చేశానని, ఇకమీదట డిస్క్ చెడితే యంత్రం కూలి అందరి చెవులూ పగిలేలా అరుస్తుందని, ఈసారి ఏ ఆడిటర్ వచ్చినా గుట్ట మీంచి దొర్లిస్తానని చెప్పాడు. పాపం నాదే, ఒప్పుకుంటాను అంది ఆమె. అంత సులువుగా ఒప్పుకోవడంతో అతనికి మిగతా తిట్లు వృథా అయ్యాయి. కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా.

లోపల ఆమె తలొంచి కూచుంది. పెద్దలు ఆమె తరఫున మాట్లాడారు. రతు ఎపెలి పన్ను అందుకున్నాడు.

"ఆచారం తప్పినందుకు క్షమించాను," అన్నాడాయన. "ఒక ప్రాణం నిలిచింది. మా తాతలైనా అదే అనేవాళ్ళు."

అకనిసి తలెత్తింది.

"కానీ ఆ రోజు నువ్వు లాగిన వైర్లలో సర్వర్ది ఒక్కటే," అన్నాడు రతు ఎపెలి. "ఇంకోటి ఆ గదిలో మేం పెట్టుకున్న ఫ్రీజర్ది. అందులో నా మనవడి బాప్తిస్మం విందుకని దాచిన పెద్ద వలు జాతి చేపలున్నాయి. శని, ఆదివారాలు అటు ఎవరూ వెళ్ళలేదు. సోమవారం ఆ ఫ్రీజర్ తలుపు తీసింది నేను." ఆయన ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. "దానికి తిమింగిలం పన్ను సరిపోదమ్మా."